మేము వినేవి, మనం వినేవి: ఒజిబ్వే పెద్దల క్యాసెట్లతో రెండేళ్ల పని

చెప్పుల డబ్బాలో 26, పాత బిస్కెట్ల రేకు డబ్బాలో 15. మొత్తం 41 క్యాసెట్లు. మిన్నెసోటా ఉత్తరాన ఒజిబ్వే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతమైన ఒక రిజర్వేషన్‌లో ఉండే కుటుంబం వాటిని తెచ్చి నా బల్ల మీద పెట్టి ఒక్కటే అడిగింది. "ఇవి ఇంకా మాట్లాడతాయా?"

పాత శబ్ద రికార్డులను డిజిటల్‌లోకి మార్చడం నా వృత్తి. పుట్టింది గోదావరి పక్కన, ఉద్యోగం మిన్నెసోటాలో. ఈ కేసు గురించి రాయడానికి ఆ కుటుంబం, వాళ్ల ఊరి భాషా కమిటీ ఒప్పుకున్నాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు, క్యాసెట్లలో ఉన్న కథలు మాత్రం రాయవద్దన్నారు, రాయను. పని ఎలా నడిచింది, నేను ఎక్కడ తప్పు చేశాను, దాన్ని ఎలా సరిచేసుకున్నాం అన్నదే ఇక్కడ చెబుతాను. మన ఇళ్లలో అటక మీద అమ్మమ్మల గొంతులున్న క్యాసెట్లు ఎన్నో ఉన్నాయి. గోండి, కొలామి మాట్లాడే ఊళ్లలో భాష కోసం పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇందులో కొంతైనా పనికొస్తుందని నా ఆశ.

ఆ గొంతులు టేపులోకి ఎలా వచ్చాయి

ఒజిబ్వేలు తమను తాము అనిషినాబే అని చెప్పుకుంటారు. సుపీరియర్ సరస్సు చుట్టూ, అమెరికాలో మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా మీదుగా నార్త్ డకోటా, మోంటానా దాకా, కెనడాలో ఒంటారియో, మానిటోబాల్లోనూ ఉన్నారు. ఒక్క మిన్నెసోటాలోనే వాళ్ల రిజర్వేషన్లు 7. పాత ఒప్పంద పత్రాల్లో 'చిప్పెవా' అని కనిపించేది వీళ్లే. వాళ్ల భాష ఒజిబ్వేమొవిన్. అది అల్గాంక్వియన్ కుటుంబానికి చెందినది, క్రీ భాషకు దగ్గరి చుట్టం.

1837, 1842, 1854, 1855 ఒప్పందాలతో భూమి చాలావరకు చేజారింది. మిన్నెసోటాలో మిగిలినదాన్ని చాలావరకు 1889లో వచ్చిన నెల్సన్ చట్టం ముక్కలు చేసి మనిషికింత అని పంచింది, మిగులు పేరుతో బయటివాళ్లకు అమ్మింది. భాషను దెబ్బతీసింది మాత్రం బడి. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ స్కూల్ మొదలైంది. ఆ నమూనాలోనే తర్వాత మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలోనూ బడులు వెలిశాయి. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, సొంత భాషలో మాట్లాడితే శిక్షించారు. ఆ దెబ్బలు తిన్న తరంలో చాలామంది తమ పిల్లలకు భాష నేర్పలేదు. నేర్పితే వాళ్లనూ కొడతారన్న భయం అది. బయటినుంచి చూసేవాళ్లు 'భాషను వదులుకున్నారు' అని తేలిగ్గా అనేస్తారు. అక్కడ జరిగింది పిల్లల్ని కాపాడుకోవడం.

అమెరికాలో ఆదివాసుల మతాచారాలకు చట్టరక్షణ వచ్చింది 1978లో. వాళ్ల భాషలను వాడుకునే, నేర్పుకునే హక్కును గుర్తిస్తూ చట్టం వచ్చింది 1990లో. ఈ 41 క్యాసెట్లు ఆ రెండు సంవత్సరాల మధ్య రికార్డు చేసినవే ఎక్కువ. ఒక మనవరాలు చిన్న టేప్‌రికార్డర్ కొనుక్కుని, వంటింటి బల్ల దగ్గర అమ్మమ్మను, అమ్మమ్మ చెల్లెలిని, పక్కింటి పెద్దాయనను కూర్చోబెట్టి మాట్లాడించింది. ఎవరూ ఆమెకు డబ్బు ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. మాట్లాడినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఆ మనవరాలికి ఇప్పుడు మనవలున్నారు. డబ్బాలు తెచ్చింది ఆవిడే.

ఇది తెలిశాక నాకు ఆ క్యాసెట్ల విలువ వేరుగా కనిపించింది. ఎందుకంటే ఒజిబ్వే గొంతుల్ని రికార్డు చేయడం కొత్త కాదు. సంగీత పరిశోధకురాలు ఫ్రాన్సెస్ డెన్స్‌మోర్ 1907 నుంచే మిన్నెసోటాలోని వైట్ ఎర్త్, లీచ్ లేక్, రెడ్ లేక్‌లలో మైనపు సిలిండర్ల మీద వందల పాటలు రికార్డు చేసింది. అవన్నీ వాషింగ్టన్ చేరాయి. 1979లో ఫెడరల్ సిలిండర్ ప్రాజెక్ట్ మొదలయ్యాకగానీ అలాంటి రికార్డుల కాపీలు ఆయా సమాజాలకు తిరిగి వెళ్లే ఏర్పాటు జరగలేదు. పాడినవాళ్ల మనవలు ఆ పాట వినాలంటే డెబ్బై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. నా ముందున్న క్యాసెట్లు మాత్రం ఇల్లు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. మొదటిసారి దాటి నా దగ్గరికి వచ్చాయి. ఆ సంగతి నాకు చాలా టెన్షన్ పెట్టింది.

మొదటి కూర్చోవడం

ఒజిబ్వే పెద్దల్ని ఏదైనా అడగాలంటే ముందు పొగాకు ఇవ్వాలి. అసేమా అంటారు దాన్ని. చేతిలో పెడతారు, వాళ్లు తీసుకుంటే మాట వినడానికి ఒప్పుకున్నట్టు. నేను ఆ పద్ధతి ముందే తెలుసుకుని వెళ్లాను. తెలియనిది ఇంకొకటి ఉంది. కమిటీలో పెద్దావిడ పొగాకు తీసుకుని, నా పని గురించి ఏమీ అడగకుండా, "నువ్వెవరు? మీవాళ్లెక్కడివాళ్లు?" అంది.

అక్కడ పరిచయం అంటే పేరు, దోదేం, ఊరు. దోదేం అంటే తండ్రి వైపు నుంచి వచ్చే వంశం. కొంగ, ఎలుగుబంటి, లూన్ అనే నీటిపక్షి, మార్టెన్ అనే చిన్న జంతువు, ఇలా ఒక్కో వంశానికి ఒక్కో ప్రాణి. ఇంగ్లీషులో టోటెం అన్న మాట ఈ మాట నుంచే పుట్టింది. నా ఉద్యోగం, డిగ్రీ చెప్పబోయి ఆగి, మా ఇంటిపేరు చెప్పాను, మా ఊరు చెప్పాను, మా తాత వరి పండించేవాడని చెప్పాను. మనకు అలవాటైన సంగతే కదా, కొత్త మనిషిని చూడగానే "ఎవరబ్బాయివి, ఏ ఊరు" అని అడగడం. ఆవిడ "వరి" అన్న దగ్గర తలెత్తింది. ఆ పూటంతా వరి గురించీ, సరస్సుల్లో పెరిగే వాళ్ల ధాన్యం మనోమిన్ గురించీ మాట్లాడుకున్నాం. క్యాసెట్ల ప్రస్తావనే రాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు వచ్చింది.

ఒప్పందం రాసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో నాకు మింగుడుపడటానికి టైం పట్టిన షరతు ఒకటుంది. పని పూర్తయ్యాక నా దగ్గరగానీ, నేను పనిచేసే చోటగానీ ఒక్క కాపీ కూడా ఉండకూడదు. ఆర్కైవ్ పనివాళ్లకు నేర్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఎన్ని చోట్ల కాపీలుంటే అంత భద్రం అని మాకు బుర్రలో నాటుకుపోయి ఉంటుంది. కానీ అమెరికాలో ఆదివాసీ ఆర్కైవ్ సామగ్రి గురించి 2006లో రాసుకున్న నియమావళి ఒకటుంది. అమెరికన్ ఆర్కివిస్టుల సంఘం దాన్ని ఆమోదించడానికి 2018 దాకా పట్టింది. ఆ సామగ్రిని ఎలా చూసుకోవాలో ఆ సమాజంతో కలిసి నిర్ణయించాలన్నది దాని సారం. అది చదివి తల ఊపడం వేరు, సంతకం పెట్టడం వేరు. పెట్టాను.

టేపు పని

ఈ భాగం క్లుప్తంగా చెబుతాను, దీని మీద మంచి మార్గదర్శకాలు ఇప్పటికే ఉన్నాయి.

ఆరు క్యాసెట్లలో టేపును శబ్దం చదివే హెడ్‌కు అదిమిపెట్టే చిన్న ఉన్ని ప్యాడ్ ఊడిపోయింది. అది లేకపోతే గొంతు మసకబారుతుంది. వాటిని స్క్రూలున్న కొత్త డొక్కులోకి మార్చాను. రెండింటిలో టేపు తెగి ఉంటే అతికించాను. ప్రతి క్యాసెట్‌కూ ప్లేయర్ హెడ్ కోణాన్ని విడిగా సర్దాలి. రికార్డు చేసిన మిషన్ హెడ్ కాస్త వంకరగా ఉంటే, మనదీ అంతే వంచితేనే 'స', 'ష' లాంటి శబ్దాలు తేటగా వస్తాయి. ఒజిబ్వేలో స, ష, జ తేడాలు అర్థాన్నే మార్చేస్తాయి, కాబట్టి ఇక్కడ బద్ధకిస్తే తర్వాత రాసేవాళ్లు తప్పు రాస్తారు. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో వేవ్ ఫైళ్లు చేశాను. స్టీరియోలో గంటకు దాదాపు 2 జీబీ. మొత్తం కలిపి ఒక మామూలు హార్డ్‌డిస్క్‌లో సగం కూడా కాదు.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. బ్యాటరీ అయిపోతున్నప్పుడు రికార్డర్ మోటారు నెమ్మదిస్తుంది. అలా రికార్డయిన టేపును సరైన వేగంతో తిప్పితే గొంతు సన్నగా, గబగబా వినిపిస్తుంది. కరెంటు మీద రికార్డు చేసినవాటిలో సన్నగా 60 హెర్ట్జ్ హమ్ ఉంటుంది, దాన్ని కొలతగా పెట్టుకుని వేగం సరిచేయవచ్చు. బ్యాటరీ టేపుల్లో ఆ ఆధారం లేదు. అప్పుడు మనవరాలినే పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇంకా మెల్లగా... ఇంకొంచెం... ఆఁ, ఇదీ అమ్మమ్మ" అన్న చోట ఆపాను. అసలు ఫైలును ముట్టుకోలేదు. వినే కాపీలో మాత్రమే మార్చి, ఎంత మార్చానో పక్కన రాసిపెట్టాను.

క్యాసెట్ల మీద రాతలు కూడా అలాగే వదిలేశాం. మనవరాలు అప్పట్లో తనకు వినపడినట్టు, మధ్యమధ్యలో గీతలు పెట్టి రాసుకుంది. ఇప్పుడు బడుల్లో వాడే స్పెల్లింగ్ పద్ధతి, దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాసేది, 1950ల చివర్లో చార్లెస్ ఫియెరో రూపొందించినది. దాన్ని పక్కన చేర్చాం, పాతదాన్ని కొట్టివేయలేదు. ఆ రాత కూడా ఆ ఊరి చరిత్రే.

చెరుగుతున్న చప్పుడు

తొమ్మిదో క్యాసెట్‌లో మాట్లాడుతున్న ఆవిడ గొంతు వెనక మొదటినుంచి చివరిదాకా ఒక చప్పుడు. "ష్... ష్... టక్. ష్... ష్... టక్." నాతో పనిచేసే సౌండ్ ఇంజినీరు దాన్ని నాయిస్ అనుకుని, తీసేసే సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసుకున్నాడు. అతని తప్పేమీ లేదు, మీటర్ మీద అది నాయిస్ లాగే ఉంటుంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. రెండు నిమిషాలు వినేసరికి ఒళ్లు జలదరించింది. అది చాట. ఎవరో గింజలు చెరుగుతున్నారు. మా అమ్మమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం చెరిగితే వచ్చే చప్పుడే.

మనోమిన్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. అది లోతు తక్కువ సరస్సుల్లో దానంతటదే పెరిగే ధాన్యం. ఇంగ్లీషువాళ్లు వైల్డ్ రైస్ అన్నారు. మన వరికి దూరపు చుట్టం. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో కోత. పడవలో ఇద్దరుంటారు. ఒకరు గెడ వేస్తుంటే, ఇంకొకరు రెండు తేలికపాటి దేవదారు కర్రలతో కంకుల్ని పడవ మీదికి వంచి మెల్లగా తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, కొంత నీళ్లలో రాలి వచ్చే ఏటికి విత్తనమవుతుంది. ఇంటికి తెచ్చి ఎండబెట్టి, పెద్ద ఇనుప పాత్రలో వేయించి, మెత్తని తోలు చెప్పులతో తొక్కి పొట్టు వదిలిస్తారు. ఆ తర్వాత బిర్చ్ చెట్టు బెరడుతో కుట్టిన చాటలో చెరుగుతారు. ఆ చాట పేరు నోష్కాచినాగన్.

కమిటీ ముందు వినిపిస్తే కమిటీలోని పెద్దావిడ నవ్వింది. ఆ చెరుగుతున్నది తన అక్కేనట. "మాట్లాడుతున్నది ఒకరే అనుకున్నావా? ఇద్దరూ మాట్లాడుతున్నారు" అంది. ఆ చప్పుడును తాకలేదు. జాబితాలో ఆ క్యాసెట్‌కు మాట్లాడినవారి పేరుతోపాటు చెరిగినవారి పేరు కూడా ఉంది.

ఆ ప్రాంతపు మాటలకు మంచి ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపే ఒజిబ్వే పీపుల్స్ డిక్షనరీలో ఒక్కో మాటను పెద్దల గొంతులోనే వినవచ్చు. 1853లో బిషప్ బరాగా అచ్చు వేసిన నిఘంటువుతో పోలిస్తే అది ఎంతో ముందడుగు. కానీ మాట ఒక్కటే విడిగా వినడం వేరు, చెరిగే చప్పుడు మధ్య ఊపిరి ఆపి, గింజ చూసుకుని, మళ్లీ అందుకున్న వాక్యం వినడం వేరు. ఇంట్లో చేసిన రికార్డుల విలువ అక్కడుంది.

నా తప్పు

జూలైలో జరిగింది ఇది. అప్పటికి సగం క్యాసెట్లు మార్చడం పూర్తయింది. కొంచెం భాష వచ్చిన ఒక కుర్రాడి సాయంతో ప్రతి క్యాసెట్‌లో ఏముందో రెండు మూడు వాక్యాల్లో రాసి, ఒక పట్టిక తయారుచేసి, కమిటీలో అందరికీ ఈమెయిల్ చేశాను. పదిహేడో క్యాసెట్ ఎదురుగా ఒక కథ సారాంశం కూడా రాశాను.

తర్వాతి సమావేశంలో పెద్దావిడ ఆ కాగితం బోర్లించి బల్ల మీద పెట్టింది. "ఇది ఇప్పుడు మాట్లాడే మాట కాదు" అంది. అంతే అంది. అరవలేదు. మిగతావాళ్లు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఒజిబ్వేలో కథకు రెండు మాటలున్నాయి. దిబాజిమొవిన్ అంటే జరిగిన సంగతి, వార్త, అనుభవం, చరిత్ర. ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. ఆదిజోకాన్ అంటే పవిత్రమైన పాతకథ. అది నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి. వ్యాకరణంలో కూడా ఈ తేడా ఉంది. ఒజిబ్వే నామవాచకాలు ప్రాణమున్నవి, లేనివి అని రెండు రకాలు. మన మహత్తు, అమహత్తు లాంటిదే అనిపిస్తుంది గానీ విభజన వేరు. దిబాజిమొవిన్ ప్రాణం లేనివాటిలో చేరుతుంది, ఆదిజోకాన్ ప్రాణమున్నవాటిలో. అంటే భాష లెక్కలోనే ఆ కథ వస్తువు కాదు. పుస్తకాల్లో నేను ఇదంతా చదివే ఉన్నాను. చదివినది పట్టిక తయారుచేసేటప్పుడు నా చేతికి అడ్డం రాలేదు. ఎండాకాలంలో ఆ కథను రెండు వాక్యాలకు కుదించి పన్నెండు మందికి పంపాను.

దిద్దుబాటుకు ముందు పొగాకు పట్టుకెళ్లి క్షమించమని అడిగాను. పంపిన ఫైళ్లన్నీ అందరి దగ్గరా తీసేయించాను. ఆపైన పద్ధతే మార్చాం. కొత్త క్యాసెట్‌ను మొదట వినేది నేను కాదు, కమిటీ నియమించిన ఇద్దరు. వాళ్లు విని, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏ రకమో చెబుతారు. నేను టేపు తిరుగుతున్నప్పుడు మీటర్లు చూస్తాను, శబ్దం నాణ్యతకు అక్కడక్కడ కొన్ని సెకన్లు వింటాను. ఆదిజోకాన్ అని తేలితే పట్టికలో నంబర్, నిడివి, చెప్పినవారి పేరు తప్ప ఇంకేమీ ఉండదు. పని మూడు నెలలు వెనకబడింది. ముందే ఇలా చేసి ఉంటే వెనకబడేది కాదు.

మేము, మనం

రాతపని శీతాకాలంలో మొదలైంది. వారానికి ఒక సాయంత్రం, భాష నేర్చుకుంటున్న ఐదారుగురు, పుట్టుకతో భాష వచ్చిన పెద్దలు ఇద్దరు, మధ్యలో లాప్‌టాప్. ఇలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం కింద మాట, మాట కింద అర్థం, దాని కింద ఇంగ్లీషు. ఒక నిమిషం టేపుకు దాదాపు గంట పట్టేది. త్వరగా అయిపోవడానికి ఏదో కంపెనీ ఆటోమేటిక్ సర్వీసుకు పంపుదామని ఒకరన్నారు. టేపులు ఎవరి సర్వర్‌లోకి పోతాయో తెలియదని కమిటీ వద్దంది. నాకూ అదే సరైనదనిపించింది. పైగా ఆ నిమిషానికి పట్టే గంటలోనే నేర్చుకోవడం జరుగుతోంది.

నాకు భాష రాదు, కానీ చెవి పనికొచ్చింది. ఒజిబ్వేలో హ్రస్వం, దీర్ఘం తేడా చాలా ముఖ్యం. క్రియ ముందు 'గి' అని పొట్టిగా వస్తే 'నువ్వు'. 'గీ' అని సాగితే పని జరిగిపోయిందని. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగిన కుర్రవాళ్లకు ఈ తేడా పట్టుకోవడం కష్టంగా ఉండేది. గుణింతం దిద్దిన మనకు అది వెంటనే వినిపిస్తుంది. వాళ్లు సందేహపడిన చోట "దీర్ఘం" అని నేను చెబితే, పెద్దలు విని అవునో కాదో తేల్చేవాళ్లు. కొన్నాళ్లకు 'దీర్ఘం' అన్న తెలుగు మాట ఆ గదిలో అందరికీ అలవాటైపోయింది.

ఒక రాత్రి మనోమిన్ క్యాసెట్ మీద పనిచేస్తున్నాం. ఇంగ్లీషు వరుసలో "వి వెంట్ రైసింగ్" అని మూడుసార్లు రాశారు. కానీ టేపులోని పెద్దావిడ మూడుసార్లూ ఒకేలా అనలేదు. రెండుసార్లు క్రియ 'ని'తో మొదలైంది, మూడోసారి 'గి'తో. తేడా ఏమిటని అడిగాను. ఒకటి వినేవాళ్లను కలుపుకోకుండా చెప్పే 'వి', ఇంకోటి కలుపుకుని చెప్పేది అన్నారు. నీనవిండ్, గీనవిండ్. "మేము, మనం!" అని గట్టిగానే అనేశాను. మా భాషలోనూ ఉందని చెబితే వాళ్లు నమ్మలేదు. ఎన్నో వాక్యాలు చెప్పించుకున్నారు. మేము వచ్చాం, మనం వచ్చాం. మేము తిన్నాం, మనం తిందాం.

అప్పుడు టేపు మళ్లీ విన్నాం. మొదటి రెండుసార్లు ఆవిడ తన చిన్నతనం గురించి చెబుతోంది: మేము మనోమిన్ కోతకు వెళ్లేవాళ్లం. మూడోసారి రికార్డర్ పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనవరాలి వైపు తిరిగి చెబుతోంది: మనం వెళ్లాం కదా. పిల్లను కోతలోకి కలుపుకుంది. ఇంగ్లీషు వరుసలో అది మాయమైపోయింది. మనవరాలు, ఇప్పుడు ముసలావిడ, అదే గదిలో కూర్చుని ఉంది. ఆ మాట ఆవిడకు నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వినపడింది.

అదే క్యాసెట్ రెండో వైపు టేపులోని పెద్దావిడ బడి గురించి చెబుతుంది. అక్కడ ఒజిబ్వే ఆగిపోతుంది. పదకొండు నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. బడి నుంచి ఇంటికి తిరిగొచ్చి సరస్సు చూసిన దగ్గర మళ్లీ ఒజిబ్వే మొదలవుతుంది. ఆ వైపు ఎవరికి వినిపించాలన్నది కుటుంబమే తేల్చుకుంది. ఏమని తేల్చుకుందో ఇక్కడ రాయను.

ఎవరికి ఏది

మొదట్లో నేను అందరికీ అందుబాటులో ఉండే ఒక వెబ్‌సైటు, ఒక పాస్‌వర్డ్ విభాగం, అంతవరకే ఆలోచించాను. ఆ రాత్రి తర్వాత కమిటీ చర్చ 'మేము', 'మనం' అన్న ఈ రెండు మాటల చుట్టూ తిరిగింది. ప్రతి ముక్క విన్నాక ఒకటే ప్రశ్న: ఇందులో 'మనం' ఎంతవరకు? ఈ ఇంటివాళ్లా, ఈ ఊరా, అన్ని ఊళ్ల అనిషినాబేలా, లోకమంతానా? క్యాసెట్ మొత్తానికి ఒకే జవాబు ఎప్పుడూ రాలేదు. మనోమిన్ వేయించే పద్ధతి లోకమంతా వినవచ్చు. దాని మధ్యలో ఒక మొక్క వేరు గురించి వచ్చే మూడు నిమిషాలు ఆ ఊరివాళ్లకే. పక్కింటి తగాదా గురించి వచ్చేది ఆ రెండిళ్లకే. ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో అనుమతి పెట్టాం.

దీనికి ముకుర్టు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. ఆస్ట్రేలియాలో వరుముంగు ఆదివాసులతో కలిసి తయారైన పనిముట్టు ఇది. ఎవరు ఏది చూడాలన్న నియమాలు ఆ సమాజమే రాసుకోవచ్చు. లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ ఇచ్చే లేబుళ్లలో 'ఈ కాలంలో మాత్రమే' అని చెప్పేది కూడా ఉంది. ఆదిజోకాన్‌లకు అది పెట్టాం. సాఫ్ట్‌వేర్ చూసే కుర్రాడు నవంబర్ 1న తెరుచుకుని ఏప్రిల్ 1న మూసుకునేలా తేదీలు పెట్టబోయాడు. కమిటీ ఒప్పుకోలేదు. తేదీ కాదు, మంచు. కాబట్టి అది మిషన్ చేసే పని కాలేదు. ఊళ్లో ఒక మనిషి ఉంది. నేల మీద మంచు నిలిచిన రోజు ఆమె లాగిన్ అయి తెరుస్తుంది, కరిగినప్పుడు మూస్తుంది. నా వృత్తిలో చూసిన అన్ని అనుమతి పద్ధతుల్లోనూ ఇంత పక్కాగా పనిచేసేది ఇంకొకటి నాకు తెలియదు.

వెబ్‌సైటు కన్నా ఎక్కువ వాడుతున్నది సీడీలు. ఊరి బయట ఇళ్లకు ఇంటర్నెట్ సరిగ్గా లేదు, పాత కార్లలో సీడీ ప్లేయర్లున్నాయి. పెద్దలు ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం చేస్తూ వింటారు. అడిగినవారికి, వాళ్లకు అనుమతి ఉన్న ముక్కలతో, ఊరి గ్రంథాలయంలోనే సీడీ చేసి ఇస్తారు. బడిలో చిన్నపిల్లలకు చెరిగే క్యాసెట్ వినిపించి, చేతికి బెరడు చాట ఇస్తారు.

విస్కాన్సిన్‌లో హేవర్డ్ దగ్గర వాదోకోదాడింగ్ అనే బడి ఉంది, ఒజిబ్వేలోనే చదువు చెప్పే బడి. ఒకరికొకరు సాయం చేసుకునే చోటు అని ఆ పేరుకు అర్థం. అలాంటి బడులకు పెద్దల సహజమైన మాట కావాలి, పాఠం కోసం నెమ్మదిగా చదివినది కాదు. కొన్ని ముక్కలు అలాంటి బడులకు ఇవ్వాలని ఈ కమిటీ అనుకుంటోంది. ఆ 'మనం' ఎంత దూరం వెళ్తుందో వాళ్లింకా మాట్లాడుకుంటున్నారు.

ఇప్పుడున్న స్థితి

41 క్యాసెట్లలో 39 మార్చాం. మిగతా రెండూ బాగానే ఉన్నాయి, ప్యాడ్లు కూడా ఊడలేదు. కుటుంబం వద్దంది. వాటి లోపల ఏముందో నేను అడగలేదు. అసలు క్యాసెట్లన్నీ వాటి డబ్బాల్లోనే ఆవిడ ఇంటికి తిరిగి వెళ్లాయి. ఎండ తగలని, వేడి హెచ్చుతగ్గులు లేని అలమరలో నిలువుగా పెట్టుకోమని చెప్పాను. ఒక హార్డ్‌డిస్క్ గ్రంథాలయంలో, ఒకటి కుటుంబం దగ్గర, ఒకటి వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉన్నాయి. ఏడాదికోసారి మూడింటినీ కలిపి పోల్చి చూస్తారు, ఎలాగో నేర్పించి వచ్చాను. నా కంప్యూటర్‌లో ఉన్నదంతా కమిటీ మనిషి పక్కన కూర్చుని ఉండగా చెరిపేశాను.

రాతపని సగం కూడా కాలేదు. ముఖ్యంగా నాలుగు క్యాసెట్లలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాట మీద ఒకరు నవ్వుతారు. ఆ గొంతుల్ని విడదీయగలిగినవాళ్లు ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, పట్టిక బోర్లించిన పెద్దావిడ, డబ్బాలు తెచ్చిన మనవరాలు. అందుకని వరుస మార్చి, మిగతావి పక్కన పెట్టి, ముందు ఆ నాలుగే చేస్తున్నారు. మంగళవారం సాయంత్రాలు. సందేహమున్న అచ్చుల దగ్గర ఇప్పుడు నన్ను పిలవడం లేదు. ఆ కుర్రవాళ్లే "దీర్ఘం" అంటున్నారు.